బఠాణీ తోట నుండి పెండ్లి పందిరి వరకు: అనువంశికతను గూర్చి సంఘకాపరి తెలిసికొనవలసిన సంగతులు

ఉపోద్ఘాతము

పుట్టిన బిడ్డకు తీరని వ్యాధి ఉన్నదని తెలిసినప్పుడు మన కుటుంబములు వైద్యుని అడిగే ప్రశ్న ఒకటి, సంఘకాపరిని అడిగే ప్రశ్న మరొకటి. వైద్యుని "దీనికి మందు ఉన్నదా?" అని అడుగుతారు. కాపరిని "ఇది ఎవరి వలన వచ్చింది?" అని అడుగుతారు. ఈ రెండవ ప్రశ్నకు ఇంటిలోనే ఒక జవాబు సిద్ధముగా ఉంటుంది. చాలాసార్లు ఆ జవాబు కోడలి వైపు వేలు చూపుతుంది. ఆమె గర్భములో దోషమున్నదని, ఆమె పుట్టింటివారి శాపమని, గ్రహణమునాడు ఆమె బయటకు వచ్చినదని అంటారు. ఆమెను పుట్టింటికి పంపివేసిన సందర్భములు కూడ లేకపోలేదు. కాపరికి విషయము తెలియకపోతే ఆయన మౌనమే ఆ తీర్పుకు ఆమోదమవుతుంది.

వేదాంత కళాశాలలో మనము హెబ్రీ, గ్రీకు భాషలను, సంఘ చరిత్రను, ప్రసంగ శాస్త్రమును నేర్చుకొంటాము. జన్యుశాస్త్రము మన పాఠ్యప్రణాళికలో లేదు. అయితే వివాహములు జరిపించేది మనమే, వ్యాధితో పుట్టిన బిడ్డను పాతిపెట్టునప్పుడు సమాధి ప్రక్కన నిలువబడేది కూడ మనమే. గనుక డిగ్రీ కళాశాలలో మొదటి సంవత్సరము బోధించే అనువంశిక సూత్రములను, ముఖ్యముగా "దాగియుండే లక్షణము" అనే ఒక్క సంగతిని, ఈ వ్యాసములో మేము వివరించగోరుచున్నాము. ఆ ఒక్క సంగతి తెలిస్తే ఇంటిలో జరిగే అనేక నిందలకు ఆధారము లేదని స్పష్టమవుతుంది.

1. మఠములోని తోట

ఈ శాస్త్రమునకు పునాది వేసిన గ్రెగోర్ మెండెల్ ఒక క్రైస్తవ సన్యాసి. ఆయన 1822లో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యములో ఒక రైతు కుటుంబమున జన్మించాడు. 1843లో బ్ర్నో పట్టణములోని అగస్టీనియన్ మఠములో చేరి, 1847లో గురువుగా అభిషేకము పొందాడు. ఆ పట్టణము నేడు చెక్ దేశములో ఉన్నది. విచారణ పనిలో భాగముగా రోగులను పరామర్శించవలసి వచ్చినప్పుడు వారి బాధ చూచి తట్టుకొనలేక ఆయన తానే జబ్బుపడేవాడు. అందుచేత మఠాధిపతి ఆయనను ఆ పనినుండి తప్పించి బోధనకు పంపాడు. రోగి మంచము ప్రక్కన నిలువలేకపోయిన ఆ మనిషి చేసిన పరిశోధనే నేడు అక్కడ నిలిచే మనకు ఉపయోగపడుచున్నది.

1856 నుండి 1863 వరకు మెండెల్ మఠపు తోటలో బఠాణీ మొక్కలను పెంచి, ఏడు లక్షణములను పరిశీలించాడు. వాటిలో ఒకటి గింజ ఆకారము. ఎల్లప్పుడు గుండ్రని గింజలనే ఇచ్చే మొక్కను, ఎల్లప్పుడు ముడుతలు పడిన గింజలనే ఇచ్చే మొక్కతో సంకరపరిచాడు. మొదటి తరములో గింజలన్నియు గుండ్రముగానే వచ్చాయి. ముడుతలు పూర్తిగా మాయమైనట్లు కనిపించింది. ఆ మొదటి తరపు మొక్కలను వాటంతట అవే ఫలదీకరణము చెందనిచ్చినప్పుడు రెండవ తరములో 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడుతల గింజలు వచ్చాయి. అనగా సుమారు మూడింటికి ఒకటి చొప్పున పోయినదనుకొన్న లక్షణము తిరిగి వచ్చింది.

దీనినిబట్టి మెండెల్ గ్రహించినదేమనగా, లక్షణములు పాలు నీళ్లవలె కలిసిపోవు. ప్రతి లక్షణమునకు మొక్కలో రెండు కారకములు ఉంటాయి. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వస్తుంది. రెండింటిలో ఒకటి పైకి కనిపిస్తే, మరొకటి దాగియుంటుంది. పైకి కనిపించే దానిని బహిర్గత లక్షణమని, దాగియుండే దానిని అంతర్గత లక్షణమని మన పాఠ్యపుస్తకములు పిలుస్తాయి. దాగియున్నది నశించిపోలేదు. దానివంటిదే మరొకటి జతపడినప్పుడు అది బయటపడుతుంది.

మెండెల్ తన ఫలితములను 1865లో చదివి, 1866లో ప్రచురించాడు. అప్పుడు వాటి విలువను ఎవరూ గుర్తించలేదు. ఆయన 1884లో మరణించాడు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు వేరువేరుగా అవే సూత్రములను కనుగొన్నప్పుడు ఆయన పేరు లోకమునకు తెలిసింది. రెండేండ్లకే, 1902లో, ఆర్చిబాల్డ్ గారడ్ అనే ఆంగ్ల వైద్యుడు మూత్రము నల్లబడే ఒక అరుదైన వ్యాధి ఇదే సూత్రము ప్రకారము సంక్రమించుచున్నదని చూపించాడు. ఆ రోగుల తల్లిదండ్రులలో చాలామంది దగ్గరి బంధువులని కూడ ఆయన గమనించాడు. ఈ మాటను జ్ఞాపకముంచుకొందము.

2. రెండు ప్రతులు, ఒక లేఖన దోషము

మెండెల్ చెప్పిన కారకములనే నేడు జన్యువులు అంటున్నాము. మన శరీర కణములలో 46 క్రోమోజోములు, అనగా 23 జతలు ఉన్నవి. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ క్రోమోజోములు డి.ఎన్.ఏ. అనే పొడవైన అణువుతో ఏర్పడినవి. దాని నిర్మాణము 1953లో తెలిసింది. ఆ డి.ఎన్.ఏ.లో ఒక్కొక్క మాంసకృత్తు తయారీకి కావలసిన సూచన వ్రాయబడిన భాగమే జన్యువు. మానవునిలో అటువంటి జన్యువులు సుమారు 20,000 ఉన్నవి.

వేదాంత విద్యార్థులకు ఒక పోలిక ఉపయోగపడుతుంది. ప్రాచీన వ్రాతప్రతులను చేతితో నకలు చేయునప్పుడు లేఖకుడు ఒక అక్షరము తప్పు వ్రాస్తే, ఆ ప్రతినుండి పుట్టిన ప్రతులన్నిటిలోను ఆ తప్పు కొనసాగుతుందని పాఠ విమర్శలో మనము చదివియున్నాము. జన్యువులోను అంతే. ఎన్నో తరముల క్రితము నకలు చేయబడునప్పుడు ఏర్పడిన ఒక అక్షర దోషము సంతానమునకు చేరుచునే ఉంటుంది. దీనినే ఉత్పరివర్తనము అంటారు. అయితే మనిషి దగ్గర ప్రతి జన్యువునకు రెండు ప్రతులున్నవి. ఒకదానిలో దోషమున్నను రెండవది సరిగా ఉంటే చాలావరకు పని సాగిపోతుంది. అటువంటి మనిషిని వాహకుడు లేదా వాహకురాలు అంటారు. వారు రోగులు కారు. తమలో అది ఉన్నదని వారికి తెలియనే తెలియదు. రెండు ప్రతులును దోషముతో ఉన్న బిడ్డకు మాత్రమే వ్యాధి కలుగుతుంది.

దాదాపు మనలో ప్రతి ఒక్కరము ఏదో ఒక అంతర్గత వ్యాధికి వాహకులమే. "మా వంశములో ఏ దోషమూ లేదు" అని చెప్పగలిగిన ఇల్లు లేదు.

3. సికిల్ సెల్: మన ప్రాంతపు ఉదాహరణ

రక్తములో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనే భాగమున్నది. దానిలో ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసిన చోట వాలీన్ చేరితే, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణములు గుండ్రని ఆకారము కోల్పోయి కొడవలివలె వంగిపోతాయి. అవి సన్నని రక్తనాళములలో అడ్డుపడి తీవ్రమైన నొప్పులు కలిగిస్తాయి. త్వరగా నశించుటవలన రక్తహీనత, పచ్చకామెర్లు వస్తాయి. పసిబిడ్డలకు అంటువ్యాధులు ప్రాణాంతకమవుతాయి. ఒక్క అక్షర దోషము ఇంతటి బాధను కలుగజేస్తుంది.

మన దేశములో ఈ లక్షణమును 1952లో నీలగిరి కొండల గిరిజనులలో మొదట గుర్తించారు. తెలుగు ప్రాంతములలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా, విశాఖ ఏజెన్సీ వంటి గిరిజన ప్రాంతములలో ఇది కనిపిస్తుంది. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతములలోనే ఈ జన్యువు ఎందుకు ఎక్కువగా ఉన్నదో 1954లో ఆంథొనీ ఆలిసన్ వివరించాడు. ఒక్క ప్రతి మాత్రమే కలిగిన వాహకులకు తీవ్రమైన మలేరియానుండి రక్షణ దొరకుతుంది. అనగా ఒకనాడు ఆ కొండలలో పూర్వికులను బ్రతికించిన లక్షణమే నేడు రెండు ప్రతులుగా చేరిన బిడ్డకు వ్యాధి అయినది. దీనిని ఒక జాతి మీది శాపమని చెప్పేవారు ఈ సంగతిని ఆలోచించాలి.

4. "నాలుగింట ఒకటి" అనగా ఏమి?

ఆరోగ్యముగా ఉన్న భార్యాభర్తలిద్దరును సికిల్ సెల్ వాహకులనుకొందము. ఇద్దరి దగ్గరను రెండేసి చీటీలున్నవి: ఒకటి సరియైనది, ఒకటి దోషముగలది. ప్రతి గర్భధారణలో తండ్రినుండి ఒక చీటీ, తల్లినుండి ఒక చీటీ తీయబడుతుంది. ఫలితములు నాలుగు విధములు. రెండును సరియైనవి రావచ్చును. తండ్రిది సరియైనది, తల్లిది దోషముగలది రావచ్చును. తల్లిది సరియైనది, తండ్రిది దోషముగలది రావచ్చును. లేదా రెండును దోషముగలవి రావచ్చును. గనుక ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము 25 శాతము, వాహకము అగు అవకాశము 50 శాతము, ఆ దోషము ఏమాత్రము లేకుండ పుట్టు అవకాశము 25 శాతము.

ఇక్కడ చాలామంది పొరపాటుపడతారు. "మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి రాదు" అని ధైర్యము చెప్పుట సరికాదు. తీసిన చీటీ ప్రతిసారి తిరిగి పెట్టెలోనికి వెళ్తుంది. వెనుకటి కాన్పులో ఏమి జరిగినదో చీటీకి తెలియదు. ఇద్దరు బిడ్డలు పుడితే ఇద్దరికీ వ్యాధి లేకుండుటకు అవకాశము 16లో 9 మాత్రమే. అట్లే "మొదటి బిడ్డ పోయినది గనుక మీకు ఇక ఆరోగ్యవంతుడైన బిడ్డ కలుగడు" అనుటయు తప్పే. ప్రతిసారి నాలుగింట మూడు వంతులు వ్యాధి లేకుండ పుట్టే అవకాశమే ఉన్నది.

మరియొక సంగతి గమనించండి. వ్యాధిగల బిడ్డకు రెండు దోషపు చీటీలు కావాలి. ఒకటి తండ్రినుండి రావలసిందే. కాబట్టి ఇటువంటి వ్యాధిని భార్య ఒక్కతె మీద మోపుట లెక్క ప్రకారమే అసాధ్యము.

వాహకుడు వాహకము కాని వ్యక్తిని వివాహము చేసికొంటే వారి బిడ్డలలో ఎవరికీ ఈ వ్యాధి రాదు. సగము మంది వాహకులు కావచ్చును, అంతే. గనుక వాహకులు అవివాహితులుగా ఉండనవసరము లేదు. జతను తెలిసికొని ఎంచుకొంటే చాలు.

5. మేనరికము ఎందుకు ప్రమాదమును పెంచుతుంది?

గారడ్ గమనించిన బంధుత్వపు మాటకు ఇప్పుడు వద్దాము. ఒక తాతగారిలో ఒక దోషపు ప్రతి ఉన్నదనుకొందము. అది ఆయన కుమారునికి చేరే అవకాశము సగము, కుమార్తెకు చేరే అవకాశము సగము. వారినుండి మనుమనికి, మనుమరాలికి చేరే అవకాశము ఒక్కొక్కరికి నాలుగవ వంతు. మేనబావ మేనమరదళ్లయిన ఆ ఇద్దరికి పెండ్లి చేస్తే ఇద్దరును వాహకులగు అవకాశము 16లో 1. వారి బిడ్డకు వ్యాధి కలుగు అవకాశము 64లో 1.

అదే మనుమడు బంధుత్వము లేని స్త్రీని వివాహము చేసికొన్నాడనుకొందము. జనములో నూటికి ఒకరు ఆ దోషమునకు వాహకులైతే, బిడ్డకు వ్యాధి కలుగు అవకాశము 1,600లో 1. రెండింటికి మధ్య 25 రెట్ల తేడా ఉన్నది. అక్క కూతురిని చేసికొనే సంబంధములో ప్రమాదము ఇంకను ఎక్కువ. అక్కడ ఇదే తాతగారి లెక్క 32లో 1 అవుతుంది.

దీనిని చూచి భయపడనవసరము లేదు. ఏ బంధుత్వమూ లేని దంపతులకు పుట్టే నూరుమంది బిడ్డలలో సుమారు ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక తీవ్రమైన లోపము ఉంటుంది. మేనబావ మేనమరదళ్ల సంతానములో ఆ సంఖ్యకు దాదాపు మరి ఇద్దరు ముగ్గురు కలుస్తారు. అనగా అత్యధికులు ఆరోగ్యముగానే పుడతారు. "మా ఇంట మూడు తరములుగా మేనరికమే, ఎవరికీ ఏమీ కాలేదు" అనే మాట నిజమే కావచ్చును. అయితే అది ప్రమాదము లేదనుటకు ఋజువు కాదు.

బంధువులను విడిచినంత మాత్రమున సమస్య తీరదు. 2017లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక పరిశోధన దక్షిణాసియాలోని 260కి పైగా సమూహములను పరిశీలించింది. వాటిలో అనేకము కొద్దిమంది పూర్వికులనుండి విస్తరించి, తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుటవలన అంతర్గత వ్యాధుల ప్రమాదమును ఎక్కువగా కలిగియున్నవని తేల్చింది. క్రైస్తవులమైనంత మాత్రమున ఈ లెక్క మారదు. మన సంఘములలోను సంబంధములు ఎక్కువగా పాత బంధువర్గములలోనే కుదురుచున్నవి గదా!

యాకోబు తన మేనమామయైన లాబాను కుమార్తెలను వివాహమాడలేదా అని కొందరు అడుగుతారు. అవును, ఆదికాండము ఆ సంగతిని తెలుపుచున్నది. లేవీయకాండము 18వ అధ్యాయపు నిషేధములలో మేనమరదలు లేదు. గనుక మేనరికమును పాపమని వేదికమీదనుండి ఖండించుటకు మనకు ఆధారము లేదు. అయితే నిషేధము లేనందున హాని లేదని చెప్పుటకును ఆధారము లేదు. ఇది వివేచనకు సంబంధించిన విషయము.

6. ఆడపిల్లల విషయములో నింద

46 క్రోమోజోములలో ఒక జత బిడ్డ లింగమును నిర్ణయిస్తుంది. స్త్రీలో రెండును ఎక్స్ క్రోమోజోములు. పురుషునిలో ఒకటి ఎక్స్, ఒకటి వై. తల్లి ఎప్పుడును ఎక్స్‌నే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడబిడ్డ, వై ఇస్తే మగబిడ్డ. ఇది 1905నుండి శాస్త్రలోకమునకు తెలిసిన సంగతి. అయినను వరుసగా ఆడపిల్లలు పుట్టిరని నేటికిని కోడలినే నిందించుచున్నారు. తండ్రినైనను నిందించనవసరము లేదు, ఏలయనగా ఏ క్రోమోజోము చేరవలెనో నిర్ణయించుట ఆయన చేతిలోనిది కాదు.

హీమోఫీలియా వంటి కొన్ని వ్యాధుల జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నది. వాహకురాలైన తల్లికి పుట్టే ప్రతి కుమారునికి ఆ వ్యాధి వచ్చు అవకాశము సగము. ఇక్కడ జన్యువు తల్లినుండి వచ్చిన మాట నిజమే. అయితే దానిని ఆమె ఎంచుకొనలేదు. ఆమెకు అది తన తల్లిదండ్రులలో ఒకరినుండి వచ్చియుండవచ్చును, లేదా క్రొత్తగా ఏర్పడియుండవచ్చును. కారణమునకును, అపరాధమునకును ఉన్న తేడాను వివరించవలసిన బాధ్యత మనదే.

అన్ని లోపములును మెండెల్ సూత్రము ప్రకారము రావు. డౌన్ సిండ్రోమ్ చాలావరకు వంశమునుండి వచ్చేది కాదు. బీజకణము ఏర్పడునప్పుడు 21వ క్రోమోజోము ఒకటి అధికముగా చేరుటవలన కలుగుతుంది. పెదవి చీలికను మనము "గ్రహణం మొర్రి" అని పిలుస్తాము. మన భాషలోని ఆ పేరే ఒక అపోహను మోయుచున్నది. దానికి పలు జన్యువులు, గర్భకాలపు పరిస్థితులు కలిసి కారణమవుతాయి గాని గ్రహణము కాదు. శస్త్రచికిత్సతో దానిని సరిచేయవచ్చును.

7. "ఎవరి పాపము?"

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న యోహాను 9వ అధ్యాయములో ఉన్నది. వారు రెండు జవాబులను ముందుగానే సిద్ధపరచుకొన్నారు. ప్రభువు రెండింటిని నిరాకరించాడు. యెహెజ్కేలు 18వ అధ్యాయములో ప్రవక్త కూడ తండ్రుల తప్పును పిల్లల బాధకు కారణముగా చూపే సామెతను త్రోసివేశాడు. నిర్గమకాండము 20:5ను పట్టుకొని రోగియైన బిడ్డ తల్లిదండ్రులను నిందించేవారు ఈ రెండు అధ్యాయములను కూడ చదవాలి.

అనువంశిక లెక్క కూడ ఆ నిందకు తోడ్పడదు. నాలుగింట ఒకటి అనే నిష్పత్తి భక్తిగల ఇంటను, భక్తిలేని ఇంటను ఒక్కటే. బఠాణీ గింజకు పాపము లేదు. ముడుతలు మాత్రము అదే లెక్క ప్రకారము వస్తాయి.

8. కాపరి చేయదగిన పనులు

మొదటిది, వివాహ ప్రకటనకు ముందే మాటలాడాలి. నిశ్చితార్థమైన తరువాత పరీక్ష ఫలితము తెలిస్తే రెండు కుటుంబములు నలిగిపోతాయి. యవనస్థుల కూడికలలోనే ఈ పాఠము చెప్పుట మేలు. సికిల్ సెల్, తలసీమియా వాహకులను సాధారణ రక్తపరీక్షతో గుర్తించవచ్చును. జీవితములో ఒక్కసారి చేయించుకొంటే చాలు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించింది. గిరిజన ప్రాంతములలో 40 ఏండ్లలోపు 7 కోట్లమందిని పరీక్షించుట దాని లక్ష్యము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు కూడ అందులో ఉన్నవి. ఆ ప్రాంతములలో సేవచేయు కాపరులు తమ ప్రజలను ప్రోత్సహించవచ్చును.

రెండవది, గర్భము ధరించిన తరువాత బిడ్డను పరీక్షించే విధానములున్నవి. అయితే అప్పుడు దంపతుల ఎదుట నిలిచే నిర్ణయము మిక్కిలి కఠినమైనది. దానిని గూర్చి సంఘములలో భిన్నాభిప్రాయములున్నవి. పెండ్లికి ముందు తెలిసికొంటే అనేకులు ఆ నిర్ణయము వరకు వెళ్లవలసిన అవసరమే ఉండదు.

మూడవది, ఫలితమును రహస్యముగా ఉంచాలి. వాహకురాలని తెలిసిన ఒక యువతి పేరు సంఘములో పాకితే ఆమెకు సంబంధములు దొరకుట కష్టమవుతుంది. ప్రార్థన అంశముగానైనను దానిని బహిరంగపరచరాదు.

నాలుగవది, ఇప్పటికే వ్యాధితో ఉన్న బిడ్డలను చికిత్సనుండి తప్పించరాదు. సికిల్ సెల్ రోగులకు హైడ్రాక్సీయూరియా మందు నొప్పులను తగ్గిస్తుంది. తలసీమియా బిడ్డలకు రెండు మూడు వారములకు ఒకసారి రక్తము ఎక్కించాలి, శరీరములో పేరుకొనే ఇనుమును తొలగించే మందులు ఇవ్వాలి. కొందరికి ఎముక మజ్జ మార్పిడి సాధ్యమవుతుంది. స్వస్థత కొరకు ప్రార్థించే సంఘము రక్తదానమునకు కూడ ముందుకు రావచ్చును. ఆ బిడ్డలకు నెలనెలా కావలసినది అదే.

ముగింపు

మెండెల్ చెప్పిన సంగతి చిన్నది: కనిపించనంత మాత్రమున లేదని అనుకొనరాదు. తల్లిదండ్రులిద్దరిలోను దాగియున్నది బిడ్డలో బయటపడినప్పుడు అది ఏ ఒక్కరి నేరమూ కాదు. ఈ మాటను కాపరి ఆ ఇంటికి వెళ్లి, అత్తమామల సమక్షములో, కోడలు వినునట్లు చెప్పాలి. తరువాతి బిడ్డకు ముందు పరీక్ష కొరకు భార్యాభర్తలిద్దరిని కలిసి వైద్యుని యొద్దకు పంపాలి.